శవపేటికతో సాగనంపిన రైలు.. 46 ఏళ్లకు తిరిగొచ్చింది! స్కాట్లాండ్‌లో మూతపడ్డ లైన్ మళ్లీ ఎలా తెరుచుకుంది?

అది 1969 జనవరి 5, ఆదివారం రాత్రి. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా నుంచి లండన్‌కు బయల్దేరిన స్లీపర్ రైలు, అర్ధరాత్రి దాటాక న్యూకాసిల్టన్ అనే చిన్న ఊళ్లో ఆగిపోయింది. ఇంజిన్ చెడిపోలేదు, ప్రమాదమూ జరగలేదు. ఊరి జనమే లెవెల్ క్రాసింగ్ గేట్లను పట్టాలకు అడ్డంగా వేసేశారు. జనవరి చలిలో దాదాపు 200 మంది అక్కడే నిలబడిపోయారు. "మా రైలును కదలనివ్వం" అన్నది వాళ్ల పట్టు. ఎందుకంటే ఆ లైన్ మీద అదే ఆఖరి ప్యాసింజర్ రైలు.

పోలీసులు వచ్చారు. ముందు నిలబడ్డ స్థానిక చర్చి పాస్టర్‌ను అరెస్ట్ చేశారు. దాంతో జనం మరింత బిగుసుకున్నారు. అదే రైల్లో ప్రయాణిస్తున్న స్థానిక ఎంపీ డేవిడ్ స్టీల్ కిందికి దిగి ఇరువైపులా మాట్లాడారు. పాస్టర్‌ను వదిలేస్తే గేట్లు తీస్తామని జనం ఒప్పుకున్నారు. సుమారు రెండు గంటలు ఆలస్యంగా రైలు కదిలింది. అంతకు ముందు హాయిక్ స్టేషన్‌లో నిరసనకారులు అదే రైల్లోకి ఒక శవపేటికను ఎక్కించారు. దాని మీద రాసిన చిరునామా ఎవరిదో తెలుసా? అప్పటి బ్రిటన్ రవాణా మంత్రి రిచర్డ్ మార్ష్‌ది!

ఆ రైలు వెళ్లిపోయింది. తర్వాత పట్టాలు కూడా పీకేశారు. కానీ కథ అక్కడితో ముగియలేదు. 2015 సెప్టెంబర్‌లో అదే దారిలో, దాదాపు మూడోవంతు దూరం మేర, ప్యాసింజర్ రైలు మళ్లీ పరుగెత్తింది. దాని పేరు 'బోర్డర్స్ రైల్వే'. మూతపడ్డ లైన్‌ను ఎందుకు మూశారు? మళ్లీ తేవడానికి 46 ఏళ్లు ఎందుకు పట్టింది? గెలిచిన ఆ ఉద్యమం ఏం చేసింది? గెలిచాక కూడా ఇంకా ఎందుకు పోరాడుతోంది?

అసలు ఈ లైన్ ఎక్కడిది?

ఎడిన్‌బరా నుంచి దక్షిణంగా గాలాషీల్స్, హాయిక్ పట్టణాల మీదుగా ఇంగ్లండ్‌లోని కార్లైల్ వరకు వెళ్లే మార్గమిది. పొడవు దాదాపు 158 కిలోమీటర్లు. ఎడిన్‌బరా నుంచి హాయిక్ వరకు 1849లోనే పట్టాలు పడ్డాయి. అక్కడి నుంచి కార్లైల్ వరకు 1862లో పూర్తయింది. ఆ ప్రాంతంలోనే జీవించిన రచయిత సర్ వాల్టర్ స్కాట్ నవలల మీదుగా దీనికి 'వేవర్లీ రూట్' అని పేరు వచ్చింది.

గాలాషీల్స్, హాయిక్ అంటే ఉన్ని మిల్లుల ఊళ్లు. ట్వీడ్ బట్ట, స్వెటర్ల తయారీకి పెట్టింది పేరు. మిల్లులకు సరుకు వచ్చినా, తయారైన బట్ట బయటికి పోయినా, పిల్లలు ఎడిన్‌బరాకు చదువుకోడానికి వెళ్లినా అన్నిటికీ ఈ రైలే ఆధారం. అయితే రైల్వేకు మాత్రం ఇది ఖర్చెక్కువ లైన్. దారంతా కొండలు, ఎత్తులు, మలుపులు. జనాభా పల్చన.

'బీచింగ్ కోత' అంటే ఏంటి?

1960లలో బ్రిటన్ రైల్వే భారీ నష్టాల్లో ఉంది. దాన్ని గాడిలో పెట్టే బాధ్యతను ప్రభుత్వం రిచర్డ్ బీచింగ్‌కు అప్పగించింది. ఆయన రైల్వే మనిషి కాదు, ఐసీఐ అనే పెద్ద రసాయనాల కంపెనీ నుంచి వచ్చారు. 1963లో ఆయన ఇచ్చిన నివేదిక దేశాన్ని కుదిపేసింది. దాదాపు 8 వేల కిలోమీటర్ల మార్గాలు, 2,363 స్టేషన్లు మూసేయాలన్నది అందులోని సిఫారసు.

బీచింగ్ లెక్క సూటిగా ఉంది. మొత్తం నెట్‌వర్క్‌లో మూడోవంతు మార్గాల మీద జరుగుతున్న ప్రయాణం 1 శాతమే. మరి వాటిని ఎందుకు నడపాలి? వాటి బదులు బస్సులు వేస్తే సరిపోతుంది కదా!

వినడానికి బాగానే ఉంది. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. చిన్న లైన్‌లో ఎక్కిన ప్రయాణికుడు జంక్షన్‌లో దిగి పెద్ద రైలు ఎక్కుతాడు. చిన్న లైన్ మూస్తే అతను బస్సులో జంక్షన్‌కు వచ్చి రైలు ఎక్కుతాడని అధికారులు అనుకున్నారు. చాలామంది అలా చేయలేదు. కారు కొనుక్కుని, ఊరి నుంచి గమ్యం దాకా అందులోనే వెళ్లిపోయారు. చిన్న లైన్‌తో పాటు పెద్ద లైన్ కూడా ఆ ప్రయాణికుడిని పోగొట్టుకుంది. కోతలు పెట్టినా బ్రిటన్ రైల్వే నష్టాలు తీరకపోవడానికి ఇదీ ఒక కారణమని తర్వాత చాలామంది విశ్లేషించారు.

11,678 సంతకాలు.. అయినా ఆగలేదు

వేవర్లీ రూట్ కూడా బీచింగ్ జాబితాలో ఉంది. అప్పటి చట్టం ప్రకారం లైన్ మూసే ముందు ప్రయాణికుల అభ్యంతరాలు వినాలి. విన్నారు కూడా. అయినా చివరికి నష్టాల లెక్కే నెగ్గింది. 1968 జులైలో మూసివేత ఖాయమైంది.

హాయిక్‌కు చెందిన మ్యాడ్జ్ ఎలియట్ అనే గృహిణి ఊరూరా సంతకాలు సేకరించారు. మొత్తం 11,678 సంతకాలు. 1968 డిసెంబర్‌లో ఆమె లండన్ వెళ్లి ఆ పిటిషన్‌ను ప్రధానమంత్రి నివాసం 10 డౌనింగ్ స్ట్రీట్‌లో అందజేశారు. ఎంపీ డేవిడ్ స్టీల్ కూడా వెంట ఉన్నారు. మూడు వారాలు కూడా తిరక్కుండానే ఆఖరి రైలు వెళ్లిపోయింది.

దాంతో స్కాటిష్ బోర్డర్స్ ప్రాంతం మొత్తం మీద ఒక్క రైల్వే స్టేషన్ కూడా లేకుండా పోయింది. హాయిక్ వాళ్లు ఎడిన్‌బరా వెళ్లాలంటే దాదాపు 80 కిలోమీటర్ల కొండదారి, అదీ బస్సులోనో కారులోనో. ఆ తర్వాతి దశాబ్దాల్లో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కుర్రాళ్లు చదువుకని వెళ్లి నగరంలోనే ఉండిపోయారు. దీనంతటికీ రైలు పోవడం ఒక్కటే కారణమని చెప్పలేం. ఉన్ని పరిశ్రమకు వేరే దెబ్బలూ తగిలాయి. కానీ తేరుకోడానికి ఒక దారి ఉండాలి కదా, ఆ దారి మాత్రం లేకుండా పోయింది.

పట్టాలు తీసేస్తే ఏమవుతుంది?

ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే. రైలు ఆపేయడం ఒక ఎత్తు, పట్టాలు తీసేయడం మరో ఎత్తు.

రైలు ఆపినా పట్టాలు ఉంటే, రేపు మనసు మార్చుకోవచ్చు. పట్టాలు తీసేసిన మరుక్షణం ఆ నేల మామూలు స్థలం అయిపోతుంది. ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోతుంది. వేవర్లీ రూట్‌లో అదే జరిగింది. 1970ల మొదట్లో పట్టాలు పీకేశారు. లైన్‌ను కొని నడుపుతామని ముందుకొచ్చిన ఒక ప్రైవేటు ప్రయత్నం కూడా ఫలించలేదు. కొన్నిచోట్ల పాత రైలు దారి మీద ఇళ్లు లేచాయి. కొన్ని వంతెనలు పోయాయి. 1980లలో వేసిన ఎడిన్‌బరా బైపాస్ రోడ్డు, పాత లైన్‌ను అడ్డంగా కోసుకుంటూ వెళ్లింది.

దీన్ని పక్కనే ఇంగ్లండ్‌లో జరిగిన మరో ఉదాహరణతో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. డెవన్ ప్రాంతంలోని ఓక్‌హాంప్టన్ పట్టణానికి రోజువారీ ప్యాసింజర్ రైలు 1972లో ఆగిపోయింది. కానీ అక్కడికి దగ్గర్లో ఉన్న మెల్డన్ క్వారీ నుంచి రైల్వేకు కంకర తోలేవారు. అందుకోసం పట్టాలు మాత్రం అలాగే ఉంచారు. స్థానికులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 2021లో ప్రభుత్వం దాదాపు 4 కోట్ల పౌండ్లు ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో రైలు మొదలైంది! పాత పట్టాలు, స్లీపర్లు మార్చే పని నెలల్లోనే అయిపోయింది. తొలి ఏడాదిలోనే రెండున్నర లక్షలకు పైగా ప్రయాణాలు నమోదయ్యాయి.

పట్టాలు మిగిలిన చోట నిధులు రావడమే ఆలస్యం, నెలల్లో పని అయిపోయింది. పట్టాలు పోయిన చోట ఏళ్లు, దశాబ్దాలు. తెలుగువాళ్లకూ ఇది తెలియని సంగతి కాదు. 1928లో మొదలైన కాకినాడ - కోటిపల్లి లైన్ పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో తీసుకుపోయారు. ఆ 45 కిలోమీటర్ల లైన్ మళ్లీ పడేసరికి 2004 వచ్చింది.

'మా పాత రైలు' నుంచి 'మా పిల్లల ఉద్యోగాలు' దాకా

ముప్పై ఏళ్లు గడిచాయి. 1999లో రెండు మార్పులు జరిగాయి. ఒకటి, స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు వచ్చింది. అంటే లండన్ దాకా వెళ్లకుండా ఎడిన్‌బరాలోనే అడగొచ్చు. రెండు, 'క్యాంపెయిన్ ఫర్ బోర్డర్స్ రైల్' అనే ఉద్యమ సంస్థ పుట్టింది. యాదృచ్ఛికం ఏంటంటే, ఆ కొత్త పార్లమెంటుకు తొలి సభాపతి మరెవరో కాదు, ఆ రాత్రి ఆఖరి రైల్లో ఉన్న డేవిడ్ స్టీల్.

ఈసారి 17 వేలకు పైగా సంతకాలతో పిటిషన్ పార్లమెంటుకు చేరింది. అయితే తేడా సంతకాల సంఖ్యలో లేదు, వాదనలో ఉంది. 1968లో వాదన "మా రైలు మాకు కావాలి" అని. ఈసారి అలా అడగలేదు. ఎడిన్‌బరాలో ఇళ్ల ధరలు మండిపోతున్నాయి. ఉద్యోగాలేమో అక్కడే ఉన్నాయి. బోర్డర్స్‌లో ఇళ్లు ఉన్నాయి, ఉద్యోగాలు లేవు. మధ్యలో గంట లోపు రైలు ఉంటే? నగరానికి ఇళ్లు దొరుకుతాయి, పల్లెకు జీతాలు వస్తాయి. కాలేజీ కుర్రాడు ఊళ్లో ఉండే చదువుకోవచ్చు. ఈ వాదన బోర్డర్స్ వాళ్లకే కాదు, నగరవాసులకూ నచ్చింది. అన్ని పార్టీల నేతలకూ ఎక్కింది.

చట్టం నుంచి కూత దాకా.. ఏయే దశలు?

మూతపడ్డ లైన్‌ను తెరవడమంటే మంత్రి జెండా ఊపినంత తేలిక కాదు. బోర్డర్స్ రైల్వే దాటిన మెట్లు ఇవి.

*మొదటిది, అధ్యయనం.* లైన్ సాధ్యమా? ఎంతమంది ఎక్కుతారు? ఎంత ఖర్చు? ఎడిన్‌బరా నుంచి ట్వీడ్‌బ్యాంక్ వరకు వేయొచ్చని, అక్కడి నుంచి హాయిక్ మీదుగా కార్లైల్ దాకా గిట్టుబాటు కాదని లెక్క తేలింది. ఆ ఒక్క లెక్కతో సగానికి పైగా పాత లైన్ జాబితా నుంచి జారిపోయింది.

*రెండోది, చట్టం.* అమ్ముడుపోయిన నేలను మళ్లీ సేకరించాలంటే చట్టబద్ధమైన అధికారం కావాలి. అందుకోసం ప్రత్యేకంగా బిల్లు పెట్టారు. 2003లో బిల్లు పెడితే, అభ్యంతరాలన్నీ విని 2006లో ఆమోదించారు.

*మూడోది, డబ్బు.* ప్రైవేటు పెట్టుబడితో కట్టించాలని మొదట ప్రయత్నించారు. బిడ్డర్లు ఒక్కొక్కరే తప్పుకోవడంతో 2011లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. చివరికి ప్రభుత్వ రంగంలోని నెట్‌వర్క్ రైల్‌కే పని అప్పగించారు. నిర్మాణ వ్యయం 29.4 కోట్ల పౌండ్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 3 వేల కోట్ల రూపాయలు.

*నాలుగోది, నిర్మాణం.* ఇక్కడే పట్టాలు తీసేసిన పాపం బయటపడింది. కొన్ని ఇళ్లను సేకరించి కూల్చాల్సి వచ్చింది. బైపాస్ రోడ్డును దాటించడానికి కొత్త కట్టడం కావాల్సి వచ్చింది. మిడ్‌లోథియన్‌లో లైన్ కింద పాత బొగ్గు గనుల సొరంగాలున్నాయి. వాటిని పూడ్చి నేల గట్టిపరచాల్సి వచ్చింది. ఒకప్పుడు రైలు హాయిగా నడిచిన దారి మీదే ఇంత పని!

ఉద్యమం లేకపోతే ఆ స్టేషన్ లేదు

ఉద్యమకారులు "రైలు వేయండి" అని అడిగేసి ఊరుకోలేదు. ప్లాన్ గీస్తున్నప్పుడు పక్కనే నిలబడ్డారు. ఉదాహరణకు స్టో అనే చిన్న ఊరు. మొదటి ప్లాన్‌లో అక్కడ స్టేషనే లేదు. రైలు ఊరి మధ్య నుంచి వెళ్తుంది గానీ ఆగదు! స్థానికులు గట్టిగా అడిగాక స్టేషన్ చేర్చారు. అలాగే చివరి స్టేషన్ ట్వీడ్‌బ్యాంక్‌లో పొడవాటి పర్యాటక రైళ్లు కూడా ఆగేలా ప్లాట్‌ఫాంలు పెంచారంటే అదీ ఉద్యమకారులు పట్టుబట్టిన ఫలితమే.

అయితే ఒకచోట వాళ్ల మాట చెల్లలేదు. ఖర్చు తగ్గించాలని లైన్‌లో చాలా భాగాన్ని సింగిల్ లైన్‌గా కట్టారు. ఎదురెదురు రైళ్లు తప్పుకోడానికి మూడు చోట్ల మాత్రమే, మొత్తం కలిపి 15 కిలోమీటర్ల మేర డబుల్ లైన్ వేశారు. చాలా కొత్త వంతెనలు కూడా ఒక్క లైన్‌కు సరిపడానే కట్టారు. ఇప్పుడు ఒక రైలు ఆలస్యమైతే ఎదురుగా వచ్చే రైలు ఆగి చూడాల్సిందే. రైళ్లు పెంచుదామన్నా దారి ఇరుకు. ఆనాడు మిగిల్చిన డబ్బు ఈనాడు సమస్యగా మారింది.

అంచనా 19 వేలు.. ఎక్కింది 1.8 లక్షలు!

2015 సెప్టెంబర్ 6న ప్రయాణికులకు లైన్ తెరుచుకుంది. సెప్టెంబర్ 9న క్వీన్ ఎలిజబెత్-2 ఆవిరి ఇంజిన్ లాగిన రైల్లో వచ్చి అధికారికంగా ప్రారంభించారు. బ్రిటన్‌ను అత్యధిక కాలం పాలించిన రాణిగా ఆమె రికార్డు సృష్టించింది కూడా ఆ రోజే. కొత్తగా వేసిన లైన్ దాదాపు 48 కిలోమీటర్లు. కొత్త స్టేషన్లు ఏడు. వందేళ్లకు పైగా కాలంలో బ్రిటన్‌లో వేసిన అతి పొడవైన దేశీయ రైల్వే ఇదేనని చెప్పారు.

ఇక అసలు ప్రశ్న. ఎవరైనా ఎక్కారా?

తొలి ఏడాదిలోనే 10 లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. అసలు ఆశ్చర్యం స్టేషన్ల వారీ లెక్కల్లో ఉంది. చివరి స్టేషన్ ట్వీడ్‌బ్యాంక్‌లో తొలి ఆరు నెలలకు వేసిన అంచనా దాదాపు 19 వేలు. తీరా చూస్తే 1.8 లక్షలు దాటింది. అంటే దాదాపు పది రెట్లు! గాలాషీల్స్‌లోనూ అంచనాకు కొన్ని రెట్లు ఎక్కువే వచ్చారు. అదే సమయంలో ఎడిన్‌బరాకు దగ్గరగా ఉన్న షాఫేర్, గోర్‌బ్రిడ్జ్ లాంటి స్టేషన్లలో అంచనా కంటే తక్కువమంది ఎక్కారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? నిపుణుల లెక్క మొత్తంగా మరీ తప్పలేదు గానీ, ఎవరికి రైలు ఎక్కువ అవసరమో పట్టుకోలేకపోయింది. నగరానికి దగ్గరున్నవాళ్లకు బస్సు ఉంది, వేరే దారులున్నాయి. దూరంగా ఉండి, దశాబ్దాలుగా ఏ దారీ లేనివాళ్లే రైలు కోసం ఎదురుచూశారు. దశాబ్దాలుగా రైలే లేని ఊళ్లో 'ఇప్పుడు ఎంతమంది ఎక్కుతున్నారు?' అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సున్నాయే. ఆ సున్నా నుంచి వేసే లెక్క తక్కువే చూపిస్తుంది.

అన్ని లైన్లూ ఇలాగే తిరిగొస్తాయా?

రావు. ఈ విజయాలు చూసి బ్రిటన్‌లో ఎన్నో ఊళ్లు తమ పాత లైన్ల కోసం ఉద్యమాలు మొదలుపెట్టాయి. 2020లో బ్రిటన్ ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లతో 'రిస్టోరింగ్ యువర్ రైల్వే' అనే పథకం ప్రకటించింది. ఓక్‌హాంప్టన్ దాని తొలి ఫలితం. 2024 జూన్‌లో స్కాట్లాండ్‌లోని లీవెన్‌కు స్కాటిష్ ప్రభుత్వ నిధులతో, అదే ఏడాది డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ - యాషింగ్టన్ మార్గంలో, ప్యాసింజర్ రైళ్లు మళ్లీ మొదలయ్యాయి. కానీ ఈ రెండింటికీ మధ్య, 2024 జులైలో, కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఖజానాలో డబ్బు లేదంటూ ఆ పథకాన్నే రద్దు చేసింది. అధ్యయనాల దశలో ఉన్న ఊళ్ల ఆశలు అక్కడే ఆగిపోయాయి.

వ్యతిరేకించేవాళ్ల వాదనలోనూ పస లేకపోలేదు. అంత డబ్బుతో ఎన్ని బస్సులు నడపొచ్చు? బోర్డర్స్ రైల్వే విషయంలోనూ ఖర్చుకు తగ్గ ప్రయోజనం రాదని కాగితాల మీది లెక్క హెచ్చరించింది. అందుకే ఇలాంటి ఉద్యమాలు భావోద్వేగంతో మొదలైనా, నిలబడాలంటే లెక్కలతోనే నిలబడాలి. పాత రైలు దారి మీద కొత్త కట్టడాలు రాకుండా చూడటం, ఏ ఊరి నుంచి ఎవరు ఎక్కడికి ఎందుకు వెళ్తున్నారో లెక్క తీయడం, ప్లాన్ గీసే రోజు పక్కనే ఉండటం. బోర్డర్స్ నేర్పిన పాఠాలు ఇవే.

గెలిచారు.. కానీ హాయిక్ ఇంకా ఎదురుచూస్తోంది

1968లో సంతకాలు పట్టుకుని లండన్ వెళ్లిన మ్యాడ్జ్ ఎలియట్ 2015లో రైలు తిరిగి రావడం కళ్లారా చూశారు. ఒక సరుకు రవాణా ఇంజిన్‌కు ఆమె పేరు పెట్టారు. రాణి ఇచ్చే ఎంబీఈ గౌరవం కూడా ఆమెకు దక్కింది.

కానీ ఒక వెలితి మిగిలిపోయింది. రైలు ట్వీడ్‌బ్యాంక్ దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి పాత లైన్‌లో మరో 27 కిలోమీటర్లు వెళ్తే వచ్చేది హాయిక్. సుమారు 14 వేల జనాభా ఉన్న పట్టణం. శవపేటికను రైలెక్కించిన ఊరు. ఎలియట్ సొంత ఊరు. ఉద్యమం మొదలైన ఊరికే రైలు రాలేదు. దాన్ని దాటి కార్లైల్ వైపు వెళ్తే, గేట్లు వేసి ఆఖరి రైలును ఆపిన న్యూకాసిల్టన్‌కూ రాలేదు.

అందుకే 'క్యాంపెయిన్ ఫర్ బోర్డర్స్ రైల్' బోర్డు తిప్పేయలేదు. లైన్‌ను ముందు హాయిక్‌కు, అక్కడి నుంచి కార్లైల్‌కు పొడిగించాలన్నది ఇప్పుడు వాళ్ల డిమాండ్. దానికి ఎదురయ్యే ప్రశ్న పాతదే, ఎంతమంది ఎక్కుతారని. ట్వీడ్‌బ్యాంక్‌కు వేసిన అంచనా ఎన్ని రెట్లు తప్పిందో వాళ్లు గుర్తుచేస్తున్నారు.